వెల్షు భాషలో తెలుపు : ‘గ్విన్’ అనే విశేషణం – పుట్టుక, రూపాలు

మన తెలుగులో ‘తెలుపు’ అనే మాట రెండు పనులు చేస్తుంది. ఒక చోట అది రంగు పేరు. మరొక చోట అది ‘తెలియజేయు’ అనే అర్థం గల క్రియ. చిన్నప్పటినుండి రెండింటినీ వాడుతూ ఉన్నా, ఈ రెండూ ఒక్క మాటేనా, వేరు వేరు మాటలా అని మనం ఆగి ఆలోచించం. తెల్ల, తెలి, తెల్లము, తెలియు, తెలివి, తెలుపు – వీటన్నింటికీ మూలం ‘స్వచ్ఛమైన, స్పష్టమైన’ అనే అర్థం గల ద్రావిడ ధాతువు. తమిళంలోని ‘తెళివు’ కూడా ఈ కుదురుకే చెందుతుంది. చీకటి పోయి వస్తువు కంటికి స్పష్టమైతే తెల్లవారినట్లు. విషయం మనసుకు స్పష్టమైతే తెలిసినట్లు. చూపు, తెలుపు, తెలివి ఒకే కాండానికి పుట్టిన కొమ్మలన్నమాట.

ఇది తెలుగువారికే చెందిన ఊహ అని కొంతకాలం నేనూ అనుకున్నాను. బ్రిటను దీవి పడమటి అంచున ఉన్న చిన్న దేశం వేల్సు. ఆ దేశభాషను గురించి చదివినప్పుడు ఆ అభిప్రాయం మార్చుకోవలసి వచ్చింది. ఆ భాషలో తెల్లదనాన్ని చెప్పే సామాన్య విశేషణం ‘గ్విన్’. దాని చరిత్ర మన మాట చరిత్రకు అద్దం పట్టినట్లు ఉంటుంది. ఆ చరిత్రను మన విద్యార్థులకు పరిచయం చేయడమే ఈ వ్యాసం ఉద్దేశం.

వెల్షు భాష కెల్టిక్ శాఖకు చెందినది. ఆ శాఖ ఇండో-యూరోపియన్ మహాకుటుంబంలోనిది. సంస్కృతం, పారశీకం, లాటిన్, ఇంగ్లీషు, ఉర్దూ అన్నీ ఆ కుటుంబంలోనివే. తెలుగు మాత్రం ఆ కుటుంబానికి చెందదు. ఈ రెండవ విషయాన్ని 1816లో మద్రాసులో ఎఫ్. డబ్ల్యు. ఎల్లిస్ నిరూపించాడు. ఆ నిరూపణ ఎ. డి. కాంప్‌బెల్ రచించిన తెలుగు వ్యాకరణానికి పీఠికగా అచ్చయింది. మొదటి విషయానికి బీజం కలకత్తాలో పడింది. 1786లో సర్ విలియం జోన్స్ ఏషియాటిక్ సొసైటీలో ప్రసంగిస్తూ, సంస్కృతానికి గ్రీకు, లాటిన్ భాషలతో గల సంబంధాన్ని ప్రతిపాదించాడు. కెల్టిక్ భాషలకు కూడా అదే మూలం ఉండవచ్చునని అదే ప్రసంగంలో సూచించాడు. ఈ జోన్స్ పండితుని తండ్రి వేల్సుకు ఉత్తరాన ఉన్న మోన్ ద్వీపవాసి. వృత్తపరిధికీ వ్యాసానికీ గల నిష్పత్తికి ‘పై’ అనే గుర్తును 1706లో మొదట వాడిన గణితవేత్త ఆయనే. కుమారుడు మన దేశంలో న్యాయమూర్తిగా ఉండి సంస్కృతం అభ్యసించి, తన తండ్రి మాతృభాషకూ కాళిదాసు భాషకూ చుట్టరికం ఉండవచ్చునని ఊహించడం భాషాశాస్త్ర చరిత్రలో ఒక ముచ్చటైన ఘట్టం.

ఇక మన మాటకు వద్దాం. ప్రాచీన కెల్టిక్ భాషలో ఈ విశేషణం ‘విందోస్’ అనే రూపంలో ఉండేదని పండితులు పునర్నిర్మించారు. ఇది వట్టి ఊహ కాదు. రోమనుల కాలపు ఊరిపేర్లలో ఈ ‘విందో’ స్పష్టంగా కనిపిస్తుంది. నేటి వియన్నా నగరం ఉన్న చోట రోమను సైనిక స్థావరం పేరు విందోబోనా. స్విట్జర్లండులోని విండిష్ అనే ఊరి పాత పేరు విందోనిస్సా. ఇంగ్లండు ఉత్తరాన హేడ్రియను గోడ దాపున విందోలాండా అనే కోట ఉన్నది. 1973 నుండి అక్కడి తవ్వకాలలో సిరాతో వ్రాసిన పలుచని కొయ్య పలకలు దొరికి లోకప్రసిద్ధమైనాయి. ఆ ఊరిపేరులోని ‘లాండా’ నేటి వెల్షులో ‘ల్లాన్’ అయినది. అంటే ఆ పేరు ‘తెల్లని ఆవరణ’ అన్నమాట.

ఈ ‘విందోస్’ ఎక్కడినుండి వచ్చింది? ఎక్కువమంది పండితుల అభిప్రాయం ప్రకారం ‘చూచు, ఎరుగు’ అనే అర్థం గల మూలధాతువు నుండి. ఆ ధాతువు సంస్కృతంలో ‘విద్’. వేదం, విద్య, విద్వాంసుడు అనే మాటలు దానినుండి పుట్టినవే. ‘విందతి’ అంటే ‘పొందుచున్నాడు, కనుగొనుచున్నాడు’. ధాతువు నడుమ నకారం చేరిన ఆ ‘వింద్’ అంగమే కెల్టిక్ ‘విందోస్’లోనూ ఉన్నది. కంటికి కనబడేది, స్పష్టమైనది, కాబట్టి తెల్లనిది – ఇదీ అర్థం మారిన దారి. వెల్షులో ‘ఎరుగు’ అనే క్రియ ‘గ్విబోద్’. అదీ ఈ ధాతుజన్యమే. మనం తెలుపు, తెలివి అన్నట్లే వారు గ్విన్, గ్విబోద్ అంటారు. రెండు కుటుంబాలకూ చుట్టరికం లేదు. ఒకరినుండి ఒకరు మాట అప్పు తెచ్చుకోలేదు. రెండు జాతుల మనస్సు ఒకే దారిన నడిచింది. అంతే.

ఉర్దూ మాతృభాషగా గల విద్యార్థులు ఇక్కడ ఒక ప్రశ్న వేయవచ్చు. ‘సఫేద్’ మాటకు దీనితో సంబంధం లేదా? లేదు. ‘సఫేద్’ పారశీకం నుండి వచ్చింది. అది సంస్కృత ‘శ్వేత’ శబ్దానికి తోబుట్టువు. ఇంగ్లీషు ‘వైట్’ కూడా ఆ ఇంటిదే. వినికిడికి ‘వైట్’ దగ్గరగా ఉన్నది గనుక గ్విన్ దానికి బంధువేమో అనిపిస్తుంది గాని, కాదు. ఇంగ్లండు, వేల్సు ఒకే దీవిలో పక్కపక్కన ఉన్నా, వారి తెలుపులు వేరు ఇంటివి. హైదరాబాదులో వినబడే ‘సఫేద్’ మాత్రం లండనులోని ‘వైట్’కు దాయాది.

‘విందోస్’ ‘గ్విన్’ ఎట్లా అయింది? మూడు మార్పులు జరిగినాయి. కడపటి అక్షరం ‘ఓస్’ రాలిపోయింది. ‘ంద’ అనే సంయుక్తం ‘న్న’ అయింది. మొదటి వకారానికి ముందు గకారం వచ్చి చేరింది. ఈ మూడవ మార్పు వెల్షు అంతటా క్రమంగా కనిపించే సూత్రం. లాటిన్ ‘వీనుమ్’ (ద్రాక్షసారా) వెల్షులో ‘గ్వీన్’. సంస్కృత ‘వీర’, లాటిన్ ‘విర్’ శబ్దాలకు సోదరమైన మాట వెల్షులో ‘గూర్’ (పురుషుడు, భర్త). సంస్కృత ‘విధవా’, పారశీక-ఉర్దూ ‘బేవా’, లాటిన్ ‘విదువా’ – వీటికి సమమైన వెల్షు మాట ‘గ్వెద్దు’. ఐర్లండు వారు ఇదే వకారాన్ని ఫకారం చేశారు. వారి పురుషుడు ‘ఫర్’. వారి తెలుపు ‘ఫిన్’ (ఆధునిక ఐరిషులో ‘ఫ్యున్’). ఐరిషు పురాణవీరుడు ఫిన్ మక్‌కూల్, వెల్షు పురాణాలలో పాతాళలోకపు రాజు గ్విన్ అప్ నీద్ – ఇద్దరి పేర్లూ ఈ ‘విందోస్’ నుండి వచ్చినవే. ఫ్రాన్సులోని బ్రిటనీ ప్రాంతంలో ఇదే మాట ‘గ్వెన్’. వారి జెండా పేరు ‘గ్వెన్ హా దూ’, అంటే తెలుపు-నలుపు.

రూపాల విషయంలో వెల్షు చాలా సంపన్నమైనది. పుంలింగంలో ‘గ్విన్’, స్త్రీలింగంలో ‘గ్వెన్’, బహువచనంలో ‘గ్విన్యోన్’. తెల్ల ఇల్లు ‘తీ గ్విన్’. (ఇల్లు అక్కడ పుంలింగం.) తెల్ల కుక్కలు ‘కూన్ గ్విన్యోన్’. విశేషణం నామానికి తరువాత వస్తుందని విద్యార్థులు గమనించాలి. ఇకారం స్త్రీలింగంలో ఎకారం కావడానికి కారణం ఆసక్తికరమైనది. పూర్వం స్త్రీలింగరూపం ‘విందా’. చివరి ఆకారం తనకు ముందున్న ఇకారాన్ని తన వైపు లాగి ఎకారంగా మార్చి, ఆ తరువాత తాను రాలిపోయింది. కారణం పోయింది, కార్యం మిగిలింది. తెలుగువారికి ఇది కొత్త కాదు. దక్షిణ ద్రావిడ భాషలలో తరువాతి అకారం వలన ఇకారం ఎకారంగా మారే తీరును భద్రిరాజు కృష్ణమూర్తిగారు 1958లో ప్రకటించిన వ్యాసంలో వివరించారు. తమిళంలో ‘ఇటమ్’ అని వ్రాసే మాట మనకు ‘ఎడమ’ కావడం ఇందుకు ఉదాహరణ.

తరతమ భావం చెప్పడంలో మన భాషకు ప్రత్యయాలు లేవు. ‘కంటె’, ‘అన్నింటిలో’ అనే మాటలతో సరిపెట్టుకుంటాం. సంస్కృతానికి తర, తమ అనే రెండు మెట్లు ఉన్నాయి. వెల్షుకు ఇంకొకటి అదనం. ‘గ్విన్నెద్’ అంటే ‘అంత తెల్లని’, ‘గ్విన్నాఖ్’ అంటే ‘ఎక్కువ తెల్లని’, ‘గ్విన్నావ్’ అంటే ‘అన్నింటికంటె తెల్లని’. సమానతకు కూడా విశేషణానికి ప్రత్యేకరూపం ఉండడం అరుదైన విషయం. ‘మంచువలె తెల్లని’ అనడానికి వారు ‘కిన్ విన్నెద్ ఆర్ ఎయ్ర’ అంటారు.

ఈ చివరి ఉదాహరణలో ‘గ్విన్నెద్’ కాస్తా ‘విన్నెద్’ అయినది. గకారం ఏమైనది? ఇక్కడే వెల్షు వ్యాకరణంలోని అతి ప్రసిద్ధమైన ప్రకరణం మొదలవుతుంది. ఆ భాషలో పదం చివర కాదు, పదం మొదట మార్పు వస్తుంది. పకారం బకారం, తకారం దకారం, కకారం గకారం, బకారం వకారం అవుతాయి. గకారం మాయమవుతుంది. పిల్లి ‘కాథ్’. అది స్త్రీలింగం. ‘ఆ పిల్లి’ అన్నప్పుడు ‘అ గాథ్’. ‘ఆ తెల్ల పిల్లి’ అంటే ‘అ గాథ్ వెన్’. నిఘంటువులో ‘వెన్’ కోసం వెదికే విదేశీ విద్యార్థి పాట్లు చెప్పనలవి కాదు.

తెలుగు విద్యార్థి మాత్రం ఇక్కడ భయపడనక్కరలేదు. బాలవ్యాకరణం చదివినవారికి ఇది తెలిసిన దారే. కూర, కాయలు కలిసి కూరగాయలు. అన్న, తమ్ములు కలిసి అన్నదమ్ములు. కచటతపలకు గసడదవలు రావడం చిన్నయసూరిగారు 1858లోనే సూత్రీకరించారు. ద్రుతం మీద పరుషాలు సరళాలు కావడం మరొక సూత్రం. పూచెను, కలువలు కలిస్తే పూచెను గలువలు. ఇంగ్లీషు మాతృభాషగా గలవాడు నెలల తరబడి అలవాటు చేసుకొనేదాన్ని మనవాడు ఒక పూటలో గ్రహించగలడు. ఇది నా అతిశయోక్తి కావచ్చు. కాని విషయం అబద్ధం కాదు. తేడా ఏమంటే, మనకు సంధి మీదనే ఆధారపడిన మార్పు వెల్షులో అర్థాన్ని నిర్ణయిస్తుంది. ‘అతని’, ‘ఆమె’ అనే రెండింటికీ వాడుకలో ఒకే మాట ‘ఇ’. ‘ఇ గాథ్’ అంటే అతని పిల్లి. ‘ఇ ఖాథ్’ అంటే ఆమె పిల్లి. పిల్లి తల మారితేగాని యజమాని ఎవరో తెలియదు.

ఈ మార్పులకు మూలం పూర్వకాలపు విభక్తులలో ఉన్నదని పందొమ్మిదవ శతాబ్దపు పండితులు కనుగొన్నారు. స్త్రీలింగ నామం పూర్వం అచ్చుతో ముగిసేది. దాని తరువాత వచ్చిన హల్లు రెండు అచ్చుల నడుమ చిక్కి మెత్తబడేది. పుంలింగ నామం సకారంతో ముగిసేది గనుక తరువాతి హల్లు గట్టిగా నిలిచేది. కాలక్రమాన ప్రత్యయాలు పోయినాయి, మెత్తదనం మాత్రం నిలిచింది. ‘గ్వెన్’ విషయంలో మరొక విశేషం. వ్యాకరణం ‘గకారం లోపించింది’ అంటుంది. చరిత్ర అట్లా అనదు. మొదటినుండి ఉన్నది వకారమే. పదం గట్టిగా నిలిచిన చోట గకారం వచ్చి చేరింది. మెత్తబడిన చోట అసలు చేరనే లేదు. కనుక ‘వెన్’ రూపంలోని వకారమే పాతది.

ఇక్కడ విద్యార్థులకు ఒక హెచ్చరిక చేయాలి. వెల్షులో ‘వెన్’ అంటే తెలుపు. తెలుగు ‘వెన్నెల’లో ‘వెన్’ అంటే కూడా తెలుపే. తెల్లని నెల వెన్నెల. తమిళంలో ‘వెణ్’ అనే రూపం ఇదే అర్థంలో నేటికీ సమాసాలలో ఉన్నది. శబ్దం ఒకటి, అర్థం ఒకటి. ఇంతకంటె సాక్ష్యం ఏమి కావాలి, వెల్షువారు మన జ్ఞాతులే అని ఉత్సాహపడేవారు ఉంటారు. ఇటువంటి పోలికలతో పుస్తకాలు నింపినవారూ లేకపోలేదు. కాని రెండు మాటల వెనుకకు నడిచి చూడండి. మన ‘వెన్’ మూలం ‘వెళ్’. వెల్ల, వెండి, వెలుగు మాటలలో ఆ లకారవర్ణపు జాడ ఉన్నది. ‘నెల’ పక్కన చేరినందువలననే అది నకారమైనది. వెల్షు ‘వెన్’ మూలం ‘విందా’. అందులోని నకారం ‘ంద’ నుండి వచ్చినది. ఎకారం ఇకారం నుండి వచ్చినది. రెండు వేల ఏండ్ల కిందట ఒకటి ‘వెళ్’, మరొకటి ‘విందా’. అప్పుడు ఎవరూ వాటిని పోల్చి ఉండరు. బయలుదేరిన ఊళ్లు వేరైన ఇద్దరు బాటసారులు ఒక సత్రంలో కలిసినారు. అంతమాత్రాన వారు అన్నదమ్ములు కారు. దీనికి ఎదురుగా ‘గ్వెద్దు’, ‘విధవా’, ‘బేవా’ అనే మూడు చెవికి ఎంతమాత్రం పోలవు. అవే రక్తబంధువులు. భాషాశాస్త్రంలో పోలిక సాక్ష్యం కాదు, క్రమమే సాక్ష్యం.

వేల్సులోనూ ఈ పొరపాటు జరుగుతుంది. వాయవ్య ప్రాంతం పేరు ‘గ్వినెద్’. వినగానే గ్విన్ నుండి వచ్చిందనిపిస్తుంది. కాని పెన్మాఖ్నో అనే ఊరిలో లభించిన ప్రాచీన లాటిన్ శాసనంలో ఆ పేరు ‘వెనెదోతిస్’ అని ఉన్నది. ‘విందో’ జాడ అందులో లేదు. గాలికి ‘గ్వింట్’ అంటారు. అదీ వేరే మాట. అది లాటిన్ ‘వెంతుస్’, సంస్కృత ‘వాత’ శబ్దాల తోబుట్టువు. పెంగ్విన్ పక్షి పేరు మాట ఇంకా తేలలేదు. ‘పెన్ గ్విన్’ అంటే వెల్షులో తెల్ల తల. పదహారవ శతాబ్దంలో ఆంగ్ల నావికులు అట్లాంటికు సముద్రపు ఒక పెద్ద పక్షిని ఆ పేరుతో పిలిచారు. ఆ జాతి పందొమ్మిదవ శతాబ్దంలో అంతరించింది. ఆ పక్షి తల నలుపు, కంటి ముందు మాత్రం తెల్ల మచ్చ. కొందరు కొవ్వును సూచించే లాటిన్ మాట నుండి ఈ పేరు వచ్చిందంటారు. ‘పెన్’ పుంలింగం గనుక ‘గ్విన్’ మారకుండా ఉండడం వ్యాకరణానికి సరిపోతుంది. అంతవరకే చెప్పగలం.

అర్థవిషయంలో గ్విన్ రంగు దగ్గర ఆగలేదు. పవిత్రమైన, ధన్యమైన అనే అర్థాలు కూడా దానికి వచ్చినాయి. ‘గ్విన్ ఎయ్ విద్’ అంటే అక్షరార్థం ‘అతని లోకం తెలుపు’. భావార్థం ‘అతడు ధన్యుడు’. విలియం మోర్గన్ 1588లో వెల్షులో ప్రకటించిన బైబిలులో ‘ధన్యులు’ అనవలసిన చోట ఈ పలుకుబడే ఉన్నది. ‘గ్విన్‌విద్’ అంటే పరమానందం. స్త్రీల పేర్లలో ‘వెన్’ కోకొల్లలు. ఓల్‌వెన్ అంటే తెల్లని అడుగుజాడ. ఆమె నడిచిన చోటనెల్లా నాలుగు తెల్ల పూలు పూచేవని పాత కథ. బ్రాన్‌వెన్, బ్రోన్‌వెన్, గ్వెన్‌ల్లియన్ పేర్లు కూడా ఇటువంటివే. ఆర్థరు రాజు రాణి పేరు ‘గ్వెన్‌హుయివర్’. ఇంగ్లీషులో గినివీర్ అయినది. దాని కార్నిషు రూపమే నేడు లోకమంతటా వినబడే ‘జెన్నిఫర్’. కొందరు ఆంగ్లభాషీయులు కుమార్తెకు ‘బ్రోన్‌విన్’ అని పేరు పెడతారు. వెల్షువారి చెవికి అది ఆడపిల్లకు మగ ప్రత్యయం తగిలించినట్లు ఉంటుంది.

ఈ మాట నేటికీ నోళ్లలో నిలిచి ఉండడం సులభంగా జరిగినది కాదు. 1536 నాటి చట్టంతో వేల్సు న్యాయస్థానాలలో ఇంగ్లీషు ఒక్కటే భాష అయింది. 1847లో ప్రభుత్వ విచారణ నివేదిక వెల్షు భాషను ప్రజల వెనుకబాటుకు కారణంగా చూపింది. ఆ శతాబ్దంలో పలు పాఠశాలలలో వెల్షు మాట్లాడిన పిల్లవాని మెడలో కొయ్యముక్క వ్రేలాడదీసేవారు. ఇంకొకడు మాట్లాడితే అది వాని మెడకు మారేది. బడి ముగిసే వేళకు ఎవని మెడలో ఉంటే వానికి దెబ్బలు. పిల్లవాడు తన తల్లిభాషను ఎవరు మాట్లాడుతున్నారా అని కాచుకొని ఉండవలసిన స్థితి అది. 1980లో గ్విన్‌వోర్ ఎవాన్స్ అనే నాయకుడు వెల్షు భాషకు టెలివిజను ప్రసారాలు ఇస్తామన్న మాట తప్పితే ఆమరణ నిరాహారదీక్ష చేస్తానని ప్రకటించాడు. ప్రభుత్వం దిగివచ్చింది, 1982 నవంబరులో ఆ కేంద్రం ప్రారంభమైంది. పొట్టి శ్రీరాములుగారి 1952 దీక్షనూ, దాని ఫలితాన్నీ ఎరిగిన మనకు ఈ వార్త ఎట్లా తాకుతుందో చెప్పనక్కరలేదు. అక్కడ దీక్ష మొదలు కాకుండానే పని జరగడం అదృష్టం. ఆ నాయకుని పేరులోని మొదటి భాగం మన గ్విన్ అని పాఠకులు గుర్తించే ఉంటారు. 2011లో వెల్షుకు వేల్సులో చట్టబద్ధమైన అధికారభాషా స్థానం లభించింది. 2021 జనాభా లెక్కలలో వేల్సు ప్రజలలో నూటికి 17.8 మంది, అంటే సుమారు 5,38,000 మంది, తాము వెల్షు మాట్లాడగలమని చెప్పారు.

ఇంతమంది నోళ్లలోనూ పాత రూపాలన్నీ ఒకే తీరుగా నిలువలేదు. పూర్వం రంగులలో పలు విశేషణాలకు స్త్రీలింగరూపం ఉండేది. ఆకుపచ్చకు ‘గ్విర్ద్’, ‘గ్వెర్ద్’, పసుపుకు ‘మెలిన్’, ‘మెలెన్’. నేటి వాడుకలో ఆకుపచ్చ స్త్రీలింగం దాదాపు వినబడదు. బహువచనరూపం ‘గ్విన్యోన్’ వదలి, ఏకవచనంతోనే సరిపెట్టుకోవడం మామూలైపోయింది. కాని తెల్ల పిల్లిని మాత్రం ఇంటిలోని పిల్లలు సయితం ‘కాథ్ వెన్’ అనే పిలుస్తారు.